హైమవతి ఇంట్లో వంట ఎవరు చేశారు?

మా ఆఫీసులో ఒక కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీగా ఉంది. అది మహిళా సభ్యురాలి కుర్చీ. నియమావళి ప్రకారం సద్గ్రంథ పరిశీలన సంఘంలో ముగ్గురు సభ్యులుండాలి, అందులో ఒకరు మహిళ అయి ఉండాలి. తగిన మహిళ కోసం వెతుకుతున్నామని ఏటా ఒక ఉత్తరం పైకి వెళుతుంది. వెతకడం సక్రమంగా జరుగుతోందని కిందటేడు తనిఖీకి వచ్చినాయన మెచ్చుకున్నాడు కూడా. ఈలోగా కుర్చీ వృథా పోకుండా అధ్యక్షులవారు దాని మీద తమ తువ్వాలు ఆరేసుకుంటున్నారు.

నా పేరు సూర్యప్రకాశం. కాకినాడలోని ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పందొమ్మిది శాఖా గ్రంథాలయాల బీరువాల్లోకి ఏ పుస్తకం వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో తేల్చడం మా సంఘం పని. తేల్చినదాన్ని మూడు ప్రతుల్లో రాయడం నా పని. అధ్యక్షులు పాలంకి నరసింహమూర్తిగారు తూనికలు కొలతల శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. సాహిత్యాన్నయినా సరే కొలవనిదే నమ్మరు. జేబులో ఎప్పుడూ టేపు ఉంటుంది. రెండో సభ్యులు కందర్ప సాంబశివరావుగారు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి చెప్పి విరమించినవారు. అధ్యక్షులు ఔనంటే ఈయన అందుకు కారణం చెబుతారు, కాదంటే అందుకూ కారణం చెబుతారు. అందువల్ల మా సంఘం నిర్ణయాలన్నీ ఏకగ్రీవమే.

ఆ రోజుల్లో మా శాఖల్లో గుత్తుల సత్యవేణి అనే ఆవిడ నవలలు ఏడు ఉండేవి. ఏడింటిలోనూ నాయిక హైమవతే. పైకి తపాలా ఆఫీసులో గుమాస్తా, లోపల దేశం కోసం పనిచేసే గూఢచారి. తీసుకెళ్ళేవాళ్ళంతా ఆడవాళ్ళు. బైండింగు ఊడి, మళ్ళీ కుట్టి, మళ్ళీ ఊడి, ఆ పుస్తకాలు చదివినవాళ్ళ చేతుల్లో మెత్తబడిపోయాయి. ఆవిడ ఏ నవలలోనైనా సరిగ్గా ఎనభై మూడో పేజీ దగ్గర ఏదో ఒకటి పేలుతుంది, లేదా ఎవరో ఒకరు దూకుతారు. అందుకని ఎవరో పుణ్యాత్మురాలు ఆ పేజీ అంచున పెన్సిలుతో రాసిపెట్టింది: "ఇక్కడ పాలు పొంగిపోతాయి. స్టవ్ కట్టేసి చదవండి." దాని కింద ఇంకో చేతిరాత: "మావి పొంగిపోయాయి." దాని కింద మరొకటి: "మావి గిన్నెతో సహా మాడాయి. అయినా బాధ లేదు."

ఎనిమిదో నవల 'ఇస్తాంబుల్‌లో హైమవతి' అచ్చయి మా పరిశీలనకు వచ్చింది. దాని వెనకాలే పెద్దాపురం నుంచి ఒక పాఠక మహాశయుడి ఫిర్యాదు కూడా వచ్చింది. అందులో ఇలా ఉంది: "అయ్యా, నా భార్య కొనుక్కున్న సదరు నవలను నేను స్వయంగా చదివితిని. నాయిక పదకొండవ పేజీలో విమానమెక్కినది. నూట తొంభై ఆరవ పేజీలో దిగినది. నడుమ ఆమె ఇంట్లో వంట ఎవరు చేసిరో ఎక్కడా లేదు. ఈ సందేహముతో నాకు అన్నము సహించుటలేదు. తగు చర్య తీసుకొనగలరు."

అధ్యక్షులు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మూడోసారి పైకి చదివారు.

"చూశావటయ్యా ప్రకాశం! కథ పద్నాలుగు రోజులు. రోజుకి రెండు పూటలు. ఇరవై ఎనిమిది భోజనాలకి ఆధారం లేదు!"

"తర్కరీత్యా చూద్దాం," అన్నారు సాంబశివరావుగారు. "కథ చివర భర్త బతికే ఉన్నాడు. బతికున్నాడు కనుక తిన్నాడు. తిన్నాడు కనుక ఎవరో వండారు. ఎవరు? రచయిత్రి దాస్తోంది."

నేను కాస్త ధైర్యం చేశాను. "మన శాఖల్లో ఏజెంట్ ప్రతాపవర్మ నవలలు రెండు వందల పన్నెండు ఉన్నాయండి. ఆయన ఏడాదిలో పది నెలలు ఇంటిపట్టున ఉండడండి. మరి ఆయనింట్లో..."

"ఆయన మగాడయ్యా!" అన్నారు అధ్యక్షులు. "ఉన్నా వంట అవుతుంది, లేకపోయినా అవుతుంది. అక్కడ సమస్యే ఉత్పన్నం కాదు."

నిజమే. ఆ ప్రతాపవర్మ ఒక నవలలో గొడుగు కూడా లేకుండా విమానంలోంచి గడ్డివాము మీద పడి, లేచి తల దువ్వుకుంటాడు. దాని మీద మా సంఘం 'ఉత్కంఠభరితం, యువతకు ఉపయుక్తం' అని రాసింది. రాసింది నేనే, మూడు ప్రతుల్లో.

ఆ సాయంత్రానికే ఉత్తర్వు తయారైంది. "విషయం: మహిళా గూఢచారులు, వారి గృహ ఏర్పాట్లు, వాస్తవికత నిర్ధారణ గురించి." ఇకపై ఆడవాళ్ళు గూఢచర్యం చేసే నవలలన్నిటికీ జి-9 అనే పత్రం జతచేయాలి. అందులో నాయిక ఇంట్లో లేనప్పటి ఏర్పాట్లన్నీ పూటవారీగా నింపాలి. సంఘానికి అనుమానం వస్తే ప్రయోగం చేసి చూస్తుంది. మూడు అభ్యంతరాలు తీరకుండా మిగిలిపోతే రచయిత్రి పేరు జాబితా నుంచి తీసేస్తారు. ఆవిడ పాత పుస్తకాలను కూడా పందొమ్మిది శాఖల నుంచీ వెనక్కి రప్పించి, ముద్ర కొట్టి, ఆఫీసు వెనక గోడౌనులో పడేస్తారు. మా గోడౌనులో చెదపురుగులు తప్ప వేరే పాఠకులు లేరు.

ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతూ మా ఆవిడ రత్నమాణిక్యానికి ఈ సంగతి చెప్పాను. ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదని నాకూ తెలుసు, కానీ ఇల్లు బయట కాదు కదా.

"ఏడూ పోతాయాండీ?" అంది. చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

"మూడు అభ్యంతరాలు మిగిలితేనే."

"ఏడు పుస్తకాలండీ. పన్నెండేళ్ళు పట్టింది." అని లోపలికి వెళ్ళిపోయింది. అంత అభిమానమున్న పాఠకురాలు మా ఇంట్లోనే ఉందని నాకు ముచ్చటేసింది. పన్నెండేళ్ళ లెక్క కూడా గుర్తుపెట్టుకుంది.

రచయిత్రి చిరునామా 'కేరాఫ్ పిండిమర, జగన్నాథపురం' అని ఉండేది. మాణిక్యం పిండి పట్టించేది కూడా అక్కడే, వారానికి రెండుమూడుసార్లు వెళుతుంది. ఆ సత్యవేణిని ఎప్పుడైనా చూశావా అని అడిగాను. "నాకెప్పుడూ ఎదురుపడలేదండీ," అంది.

వారం తిరక్కుండా జి-9 నిండి వచ్చింది. గుండ్రటి చేతిరాత. ఎక్కడో చూసినట్టనిపించింది. మా ఇంట్లో సరుకుల చీటీ ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను, కానీ దాన్ని చదివేది కొట్టువాడు, నేను కాదు. పత్రంలో ఇలా ఉంది:

"నాయిక భర్త: ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. వంటలో ప్రవేశం: కుండలో నీళ్ళు ముంచుకోగలరు. అత్తగారు: మోకాళ్ళ నొప్పులు, నోటికి ఏ నొప్పీ లేదు. ఏర్పాట్లు: కందిపొడి, చింతకాయ పచ్చడి, వేయించిన ఒడియాలు ముందురోజే సిద్ధం. ఇడ్లీపిండి పక్కింటావిడ ఫ్రిజ్‌లో. రోజూ అన్నం, పులుసు ఆ పక్కింటావిడే పంపుతారు. ఆవిడ కూతురి పురిటికి నాయిక ఇరవై రోజులు చేసింది, కాబట్టి ఆవిడ కారణం అడగరు. భర్తకు చెప్పిన కారణం: చెల్లెలి కూతురి సీమంతం. భర్త అడిగిన ప్రశ్నలు: ఒకటి. 'నా తెల్లచొక్కా ఎక్కడుంది?'"

చదువుతుంటే ఆ భర్త మీద నాకు జాలేసింది. మా అమ్మకీ మోకాళ్ళ నొప్పులే. మాణిక్యం చెల్లెలి కూతురికి కూడా కిందటేడు పాలకొల్లులో సీమంతమైంది. లోకంలో ఎన్ని పోలికలుంటాయో అనుకుని పత్రానికి నంబరు వేశాను.

"ఇడ్లీపిండి అన్ని రోజులు నిలవదు," అన్నారు సాంబశివరావుగారు. వెంటనే ప్రయోగానికి ఆదేశించారు. ఆఫీసులో ఫ్రిజ్ లేదు. కాస్త చల్లగా ఉండే చోటు మహిళా సభ్యురాలి కుర్చీ ఒక్కటే. తువ్వాలు తీసి, పిండి గిన్నెకు లక్క సీలు వేసి, దాని మీద పెట్టాం. పూటపూటకీ అధ్యక్షులు టేపుతో కొలిచేవారు. రెండో రోజు మధ్యాహ్నం సీలు తెగింది. మూడో రోజు పొద్దున మేం తలుపు తీసేసరికి పిండి కుర్చీ దిగి ఫైళ్ళ వైపు బయలుదేరింది. వాసనకు అధ్యక్షులవారు వరండాలో కూర్చుని చెప్పారు, నేను ముక్కు మూసుకుని రాశాను: "పిండి నాలుగున్నర అంగుళాలు పొంగినది. నాయిక ఇంట్లోలేని పక్షంలో పిండి అదుపు తప్పునని రుజువైనది. అభ్యంతరం ఒకటి: తీరలేదు."

రెండో అభ్యంతరం ఎనభై మూడో పేజీ దగ్గర వచ్చింది. హైమవతి చీరతోనే మేడ గొట్టం పట్టుకుని కిందకు దిగుతుంది.

"అసాధ్యం," అన్నారు అధ్యక్షులు. "చీరకట్టుతో గొట్టం దిగడమా? ప్రయోగం చేద్దాం. సూరమ్మను పిలు."

సూరమ్మ మా ఆఫీసు ఊడుస్తుంది, బైండింగు కుట్టించిన పుస్తకాలు శాఖలకు తిరిగి వెళ్ళే పెట్టెలు కడుతుంది. నలభై అయిదేళ్ళుంటాయి. విషయం చెప్పి, భయపడవద్దనీ, ఏదైనా జరిగితే సంఘం సంతాపం తెలుపుతుందనీ అధ్యక్షులు ధైర్యం చెప్పారు.

"గొట్టమేనాండి?" అంది సూరమ్మ. చీర బిగించి దోపుకుని, నరసింహమూర్తిగారు టేపు విప్పేలోగా డాబా మీదకు ఎక్కి, దిగి వచ్చేసింది. "మళ్ళీ ఎక్కమంటారాండి? తవరింకా టేపు పట్టుకున్నట్టు లేదు."

"నీకు... ఇది ముందే అలవాటా?"

"రోజూ ఎక్కుతానండి, ఆయ్! డాబా మెట్ల తలుపు తాళంసెవి పోయి ఎనిమిదేళ్ళయిందండి. ట్యాంకులో ఆకులు ఎవరు తీత్తారండి మరి?"

అధ్యక్షులు నా వైపు చూశారు. కొత్త తాళం కోసం రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదని నేను మనవి చేశాను. నేనైతే ఇక ఈ అభ్యంతరం తీరిపోయిందనే అనుకున్నాను, మనసులో సంతోషించాను కూడా. కానీ సాంబశివరావుగారు ఊరికే తర్కం చదువుకోలేదు. "సూరమ్మ ఎక్కింది పారిశుధ్యం నిమిత్తం. దేశరక్షణ నిమిత్తం కాదు. కావున ఇది వర్తించదు," అన్నారు. అభ్యంతరం రెండు కూడా తీరలేదు.

"ఇక అసలుది," అన్నారాయన, ఆ శుక్రవారం. "గూఢచారికి ముఖ్యం గోప్యత. ఆడవారి నోట్లో నువ్వుగింజ నానదు. ఇది నా మాట కాదు, కుంతీదేవి కర్ణుడి సంగతి దాచినందుకు ధర్మరాజు పెట్టిన శాపం. దీనికి అప్పీలు లేదు."

కుంతీదేవి అన్నేళ్ళు దాచగలిగినందుకే కదా శాపం వచ్చింది అని నాకు తోచింది. తోచినవన్నీ అంటే ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేయలేం.

ప్రయోగం ఇలా నిర్ణయించారు: నిజమైన రహస్యం ఒకటి ఒక మహిళకు, ముగ్గురు పురుషులకు చెప్పాలి. సోమవారం లోగా ఎవరు పొక్కనిచ్చారో చూడాలి. మహిళ సూరమ్మ. పురుషులు అధ్యక్షులు, సాంబశివరావుగారు, నేను. రహస్యం ఏమిటంటే, వచ్చే గురువారం సత్యవేణి నవలలన్నీ పందొమ్మిది శాఖల నుంచీ ఒకేసారి రప్పించి గోడౌనులో వేస్తారు.

"మూడో అభ్యంతరం ఇంకా తేలలేదు కదండీ?" అన్నాను.

"తీర్పు ముందే సిద్ధంగా ఉంటే విచారణ ఆలస్యం కాదయ్యా," అన్నారు అధ్యక్షులు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పి, "మాణిక్యం, ఒక రహస్యం. ప్రాణం పోయినా ఎవరితోనూ అనకూడదు," అన్నాను.

ఆవిడ పాలు దించి వచ్చి కూర్చుంది. అంతా విని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. రెండే ప్రశ్నలు వేసింది.

"గురువారమేనా?"

"గురువారమే."

"శాఖలకి పెట్టెలు వెళ్ళేది సోమవారం కదూ?"

"అవును. ఎందుకూ?"

"ఊరికే," అంది.

ఆదివారానికల్లా రహస్యం ఊళ్ళో నలిగిపోయింది. సాంబశివరావుగారు మంగలికి చెప్పారు, ఎవరితోనూ అనవద్దని షరతు పెట్టి. అధ్యక్షులు పొద్దున నడకకు వచ్చేవాళ్ళకు చెప్పారు, వాళ్ళు పదకొండు మంది. చివరికి మా అమ్మే నన్ను పిలిచి, "ఏరా, ఆ పుస్తకాలన్నీ చెదలకి వేసేత్తారంట గదా," అంది. సూరమ్మ వైపు నుంచి మాత్రం ఒక్క ముక్క బయటకు రాలేదు. సోమవారం అధ్యక్షులే ఆవిడను పిలిచి కదిపి చూశారు.

"సూరమ్మా, శుక్రవారం నీకొక సంగతి చెప్పాం. ఏమిటది?"

"తవరు నాకేం సెప్పలేదండి."

"అదే, గురువారం... పుస్తకాలు... గోడౌను..."

"ఇక్కడ గోడౌనుందాండి?" అంది సూరమ్మ. ఆ గోడౌను రోజూ ఊడ్చేది ఆవిడే.

తీర్పు మధ్యాహ్నానికి వచ్చింది. "మహిళ సదరు విషయమును పూర్తిగా మరచినది. మరపు గోప్యత కాదు. పురుషులు వెల్లడించినది రహస్యం కాదు, ప్రజలకు అవసరమైన సమాచారం. అభ్యంతరం మూడు: తీరలేదు." నేను మూడు ప్రతులు తీశాను. రెండో ప్రతి దగ్గర ఎందుకో చెయ్యి ఆగింది. చదివినవాళ్ళ చేతుల్లో మెత్తబడిన ఆ పుస్తకాలు గుర్తొచ్చాయి. కష్టంగానే ఉంది. అయినా మూడో ప్రతి కూడా తీశాను.

అదే రోజు ఎప్పుడూ లేనిది మాణిక్యం నా క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. తిరిగి వెళ్ళబోతూ సూరమ్మ దగ్గర పెట్టెల గదిలో గంటసేపు కూర్చుంది. ఇద్దరూ చింతకాయ పచ్చడి గురించి మాట్లాడుకుంటున్నారనుకున్నాను.

గురువారం పొద్దున పదింటికి మా వాళ్ళు పందొమ్మిది శాఖలకూ ఒకేసారి వెళ్ళారు. పదింబావుకు ఫోన్లు మొదలయ్యాయి. పిఠాపురంలో లేవు. సామర్లకోటలో లేవు. తునిలో బీరువా అర ఖాళీ. ఒక్క ప్రతి కూడా లేదు, అన్నీ పాఠకుల చేతుల్లో ఉన్నాయి. పాఠకుల ఇళ్ళకు వెళితే, ప్రతి ఇంటి ముందూ ఒకావిడ నిలబడి మంచినీళ్ళిచ్చి, "ఏ పుస్తకమండీ?" అంటోంది. ముద్ర కొట్టడానికి పుస్తకం చేతికి రానిదే పేరు జాబితా నుంచి తీయడానికి వీల్లేదు. ఆ నిబంధన పెట్టింది అధ్యక్షులవారే. ఆయన ఆ రోజు భోజనం మానేశారు.

శనివారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి వరండా నిండా ఆడవాళ్ళు. గేటు దాటి రోడ్డు మీదకు కూడా వరస ఉంది. ప్రతి ఒక్కరి చేతిలో ఒక దరఖాస్తు, ఒక కొత్త పుస్తకం. ఒకావిడ పుస్తకాన్ని మేక తినేసింది. ఒకావిడది పుష్కరాలరేవులో జారిపోయింది. ఒకావిడ దాన్ని పొరపాటున పాత పేపర్లవాడికి వేసేసింది. మా నియమావళి ముప్పై ఒకటో నిబంధన ఉంది: పాఠకుడు పుస్తకం పోగొట్టుకుంటే, అది అచ్చులో దొరకని పక్షంలో, అదే రచయిత రాసిన మరో పుస్తకం ఇవ్వాలి, దాన్ని వెంటనే శాఖలో చేర్చుకోవాలి, సంఘం పరిశీలన అవసరం లేదు. వరసలో ఉన్న ప్రతి ఆవిడ చేతిలోనూ ఉన్నది 'ఇస్తాంబుల్‌లో హైమవతి'. పాతవి మాత్రం ఎవరింట్లో వాళ్ళవి భద్రంగా ఉండిపోయాయి. వరసలో మా మాణిక్యం కూడా ఉంది. ఆవిడ పుస్తకం పిండిమరలో పడిపోయిందట. నేనే సంతకం పెట్టాను.

అధ్యక్షులు కిటికీలోంచి ఆ వరసంతా చూసి తలపట్టుకున్నారు. "ఒకే వారంలో ఇన్ని పుస్తకాలు పారేసుకున్నారు! ఇంత అజాగ్రత్త మనుషులు గూఢచర్యం ఏం చేస్తారయ్యా?"

మధ్యాహ్నం తలనొప్పితో ఇంటికి వచ్చాను. మాణిక్యం ఇంకా అక్కడే ఉంది. అమ్మ కునుకు తీస్తోంది. కాఫీ కావాలి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి, కాఫీపొడి వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాను.

అక్కడ ఏదీ దాచిలేదు. మినప్పప్పు డబ్బాకూ కందిపప్పు డబ్బాకూ మధ్య ఏడు నవలలు వరసగా నిలబడి ఉన్నాయి, పక్కన ఎనిమిదోది. పోపులపెట్టెలో ఆవాల గిన్నె పక్కన ఇంకు పెన్ను. రుబ్బురోలు కింద జి-9 చిత్తుప్రతులు. 'కుండలో నీళ్ళు ముంచుకోగలరు' అన్నచోట ముందు 'ముంచుకోలేరు' అని రాసి, దయతలచి కొట్టేసి ఉంది. వాటిలో శాఖ నుంచి తెచ్చిన నవల ఒకటి తీసి ఎనభై మూడో పేజీ తెరిచాను. పాలు పొంగిన మాటల కింద గుండ్రటి చేతిరాతతో కొత్త వాక్యం: "గురువారం వస్తున్నారు. తీసుకెళ్ళి ఇంట్లోనే ఉంచండి. శనివారం, 31వ నిబంధన." సోమవారం పెట్టెల్లో పందొమ్మిది శాఖలకూ వెళ్ళింది ఈ వాక్యమే అన్నమాట. ఆ నిబంధన ఆవిడకు చెప్పింది నేనే, ఎప్పుడో భోజనం చేస్తూ. నేను చెబుతుంటే ఆవిడ వింటోందని అప్పుడు అనుకోలేదు.

బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయాను. కోపం వచ్చిందా అంటే వచ్చింది. సిగ్గు కూడా వచ్చింది. పన్నెండేళ్ళు నా ఇంట్లో నాకు తెలియకుండా ఇస్తాంబుల్ వరకూ వెళ్ళి వచ్చిన మనిషి, ఒక్కపూట కూడా నాకు కాఫీ ఆలస్యం చేయలేదు.

మాణిక్యం వచ్చి గుమ్మంలో ఆగింది. నన్ను చూసి, నా చేతిలో పుస్తకం చూసి, "కాఫీపొడి ఆ వెనకాల డబ్బాలో ఉందండీ," అంది.

"నాతో ఒక్క మాటైనా అనలేదేమే?"

"అంటే మీరు సోమవారానికి ఆఫీసులో చెప్పేసేవారు."

"పోనీ, దాచిపెట్టలేదే? ఇలా ఎదురుగా..."

"వంటింట్లోకి మీరెప్పుడొచ్చారు గనక?"

నేను లేచి వెనకాల డబ్బా తీసి ఆవిడ చేతికిచ్చాను. ఎంతైనా నేను ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న ఉద్యోగిని. ఉద్యోగి దగ్గరి బంధువు రాసిన పుస్తకం పరిశీలనకు వస్తే ముందుగా తెలియజేయాలని నిబంధన ఉంది. తెలియజేయకపోతే ఉద్యోగానికే ముప్పు. తెలియజేస్తే ఆవిడ పేరు బయటపడుతుంది, ఎనిమిది పుస్తకాలకూ మళ్ళీ గండం. ఆదివారమంతా మథనపడ్డాను. "మీకు ఎలా తోస్తే అలా చెయ్యండి," అంది మాణిక్యం, దొండకాయలు తరుగుతూ. సోమవారం పొద్దున విన్నపం రాసి అధ్యక్షుల బల్ల మీద పెట్టాను: గుత్తుల సత్యవేణి నా భార్యే.

నరసింహమూర్తిగారు చదివారు. సాంబశివరావుగారికి ఇచ్చారు. ఆయనా చదివారు. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

"పని ఒత్తిడి ఎక్కువైందయ్యా నీకు," అన్నారు అధ్యక్షులు. "సరే, ఒక మాట చెప్పు. ఈ పన్నెండేళ్ళూ మీ ఇంట్లో వంట ఎవరు చేశారు?"

"ఆవిడేనండి."

"మీ అమ్మగారిని ఎవరు చూసుకున్నారు?"

"ఆవిడేనండి."

"మరి నవలలు ఎవరు రాశారు?"

"ఆవిడేనండి!"

"మూడూ ఒక్క మనిషే! తర్కానికి నిలుస్తుందా?" అన్నారు సాంబశివరావుగారు. అధ్యక్షులు ఎర్రసిరా పెన్ను తీసి నా విన్నపం మీద రాశారు: "వాస్తవవిరుద్ధం. జి-9 జతచేయలేదు. తిరస్కరించడమైనది."

ఆ కాగితం ఇంటికి తెచ్చి మాణిక్యానికి చూపించాను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. కొంగుతో తుడుచుకుని కాగితాన్ని కందిపప్పు డబ్బా కింద జాగ్రత్త చేసింది. ఇక నేను ఊరంతా చాటింపు వేయించినా ఆవిడకు భయం లేదు. మీకు చెప్పడానికి ధైర్యం కూడా నాకు అందుకే వచ్చింది.

తర్వాత ఆవిడ కొత్త జి-9 ఒకటి నా ముందు పెట్టింది. తొమ్మిదో నవలది. 'నాయిక లేనప్పుడు వంట ఎవరు చేస్తారు' అన్నచోట గుండ్రటి అక్షరాలతో 'భర్త' అని ఉంది.

"ఇది మరీ నమ్మశక్యంగా లేదే," అన్నాను.

"మీ సంఘం ప్రయోగం చేసి చూస్తుంది కదండీ. అదేదో మనమే ముందు చేసి చూద్దాం," అని గరిట నా చేతికిచ్చి, పెన్ను తీసుకుని, హాల్లో ఫ్యాను కింద నా కుర్చీలో కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజు చారు నేనే పెట్టాను. అమ్మ రెండు ముద్దలు తిని మజ్జిగకు మారిపోయింది. మాణిక్యం మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. అది ఎలా ఉందో ఆవిడ ఇప్పటివరకూ ఎవరితోనూ అనలేదు.